మిర్చి బస్తాలో చెయ్యి పెట్టిన సరోజ చిన్నమ్మ

నిన్న పొద్దున ఐదున్నరకు వరంగల్ మట్టెవాడలో మా సరోజ చిన్నమ్మ పోయింది. నిద్రలోనే, గుండె ఆగి.

ఫోన్ చేసింది వాళ్ల పెద్దమ్మాయి. ఆమె ఏమీ చెప్పకముందే "చిన్నాయనకేమైంది?" అని అడిగాను.

ఆ ఇంటి నుంచి వేళ కాని వేళ ఫోన్ వస్తే ఇన్నేళ్లుగా నా నోట వచ్చే మొదటి మాట అదే.

"బాపు మంచిగనే ఉన్నడన్నా. అమ్మ..." అని ఆగిపోయింది.

కాసేపు నాకు అర్థం కాలేదు. జబ్బు చేసిన మనిషి చిన్నాయన. కాపాడుకున్న మనిషి చిన్నమ్మ. ఎవరు ముందో మేమంతా మనసులో ఎప్పుడో అనేసుకున్నాం. ఆ లెక్క తప్పింది.

ఆమె ఆయన్ని ఎలా కాపాడుకుందో మన ఇంటి చిన్నవాళ్లకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో వీరేశం చిన్నాయనకు లుకేమియా వచ్చింది. బ్లడ్ క్యాన్సర్. హైదరాబాద్‌లో ట్రీట్‌మెంట్ అయ్యాక జబ్బు అణిగింది. డాక్టర్ "రెమిషన్" అన్నాడు. "పోయింది" అనలేదు. ఆ తర్వాత కొన్నేళ్లు మాత్రలు, చెకప్‌లు.

చెకప్‌లు రెండు రకాలు. నెలనెలా వరంగల్‌లోనే రక్త పరీక్ష. అప్పుడప్పుడు హైదరాబాద్‌లో బోన్ మ్యారో. తుంటి ఎముకలోకి లావు సూది దింపి లోపలి మూలుగ తీస్తారు. మత్తు ఇచ్చినా, లాగేటప్పుడు నొప్పి కాలిదాకా పాకుతుంది.

"గుచ్చుడు ఓర్సుకుంట. ఆ గుంజుడు నాతోని గాదు" అనేవాడు చిన్నాయన.

ఆయన మిర్చి వ్యాపారి. బస్తా మూతి దగ్గర ఎర్రటి కాయలు పేర్చి బేరానికి పెట్టడం అలవాటు. రక్త పరీక్షకూ అలాగే తయారయ్యేవాడు. వారం ముందు నుంచే బీట్‌రూట్ రసం, దానిమ్మలు, ఖర్జూరాలు. రిపోర్టు నార్మల్ అని వస్తే దుకాణంలో అందరికీ చూపించేవాడు.

బీట్‌రూట్ తాగితే లుకేమియా తగ్గదు, దాగదు కూడా. ఎవరు చెప్పినా వినేవాడు కాదు.

మాత్రల కోర్సు చివరికి వచ్చింది. మ్యారో చూశాకే ఆపాలో వద్దో చెప్తానన్నాడు డాక్టర్. చిన్నాయన రానన్నాడు. రక్తం బాగుంది కదా, మాత్రలు నేనే ఆపేస్తానన్నాడు.

నేనప్పుడు హన్మకొండలో కొత్త రిపోర్టర్‌ని. డాక్టర్‌ని అడిగి తెలుసుకున్నది చిన్నమ్మకు చెప్పాను. రక్తం తయారయ్యేది మూలుగలోనే. జబ్బు తిరగబెడితే ముందు అక్కడే మొదలవుతుంది. అక్కడ కొద్దిగా ఉన్నన్నాళ్లు రక్తం శుభ్రంగానే కనబడొచ్చు.

"అంటే మూతి మంచిగుండి నడుమ ఖరాబున్నట్టా?" అంది.

దాదాపు అంతే అన్నాను.

మర్నాడు చిన్నమ్మ దుకాణానికి వచ్చింది. ఎన్నడూ రాని మనిషి. మిర్చి కొనడానికొచ్చిన బేరగాళ్లతో పాటు నేనూ అక్కడే కూర్చుని ఉన్నాను. కట్టు విప్పిన బస్తాలో మోచేతి దాకా చెయ్యి దింపి, పిడికెడు కాయలు తీసి తెల్లగుడ్డ మీద పోసింది. వాటిలో సగానికి సగం రంగు వెలిసిన తాలు కాయలే.

"మంది బస్తాలకు మూతి సూసి ధర కడ్తరా మీరు? నడుమకు చెయ్యి పెట్టి సూస్తరు గద. మీ పానానికి మాత్రం మూతి సూసి ఊకోమంటరా నన్ను?"

ఒక బేరగాడు మెల్లగా, "సేటూ, ఈ బస్తా నాకొద్దు" అన్నాడు.

చిన్నాయనే ముందు నవ్వాడు.

ఆ సాయంత్రం ముగ్గురం కాజీపేటలో హైదరాబాద్ రైలెక్కాం. దారి పొడవునా చిన్నమ్మ చెయ్యి మండుతూనే ఉంది. పెరుగు రాసుకుంది. చిన్నాయన తువ్వాలతో విసురుతూ కూర్చున్నాడు.

"రేపు నాకు మండేది ఇయ్యాలనే నీకు మండుతాంది" అని ఆటపట్టించాడు.

మ్యారో రిపోర్టు వచ్చింది. జబ్బు ఆనవాలు లేదు.

"నే జెప్పలే?" అన్నాడు చిన్నాయన.

"మీరు జెప్పిన్రు. ఇప్పుడు ఎముక గూడ జెప్పింది" అంది చిన్నమ్మ.

డాక్టర్ మాత్రలు ఆపించాడు. ఆ తర్వాత పిలిచిన ప్రతిసారీ చిన్నాయన మాట్లాడకుండా రైలెక్కాడు. జబ్బు మళ్లీ రాలేదు.

ఇప్పుడు కొన్ని రకాల లుకేమియాలో రక్తంలోనే చాలా సూక్ష్మంగా వెతికే టెస్టులు ఉన్నాయి. అందరికీ మాటిమాటికీ మ్యారో తీయరు. అన్ని రకాలకూ అది కుదరదు, ఏది కావాలో డాక్టర్ చెప్పాలి. ఆ రోజుల్లో మాకు ఆ వెసులుబాటు లేదు. చిన్నమ్మ ఉంది.

నిన్న పెద్దవాళ్లు చిన్నాయనను ఒక మాట అడిగారు. కొడుకులు లేరు, మీకా ఎనభై దాటింది, నిలబడలేరు, కొరివి అన్న కొడుకుతో పెట్టిద్దామా అని. ఆ అన్న కొడుకును నేనే. ఆయన నా వైపు చూశాడు.

"నువ్వు జర రెక్క పట్టుకో. నేనే పెడ్త."

చిన్నమ్మా, ఇంక ఎవరి కోసమూ ఫికర్ పడే పని లేదు. నిమ్మళంగా పడుకో.

వాళ్ల చిన్న కూతురు వస్తున్న రైలు ఇవాళ మధ్యాహ్నానికి కాజీపేట చేరుతుంది. మూడు గంటలకు మట్టెవాడ ఇంటి నుంచి బయల్దేరుతాం. కొరివి చిన్నాయనే పెడతాడు.