పది రోజుల తర్వాత ఇంకో ఫిల్ము

మా ఎక్స్‌రే అమ్మగారు పోయారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నానికి కూర్చోబోతూ కుప్పకూలిపోయారని వాళ్ళ కోడలు ఫోను చేసింది. మీలో ఎవరైనా అమలాపురంలో చెయ్యో కాలో విరగ్గొట్టుకుని ఉంటే ఆవిణ్ణి చూసే ఉంటారు. నేను పశువుల డాక్టర్ని. నాకు ఎముకను చూడటం నేర్పింది ఆవిడే.

మా పశువుల ఆసుపత్రికి వేరే ఎక్స్‌రే మిషను లేదు. ఆవిడ పనిచేసే మనుషుల స్కానింగ్ సెంటర్లోనే, జనం పలచబడిన మధ్యాహ్నాల్లో, యజమానిని ఒప్పించి మా కుక్కలకీ మేకలకీ తీసేవారు. వణికే కుక్క చెవి దగ్గర వంగి "అయిపోయింది నాన్నా, అయిపోయింది" అనేవారు, ఇంకా మొదలెట్టకుండానే.

ఫిల్ము చేతికి రాగానే నా చూపు ఎముక మీదికి పోయేది. "ముందు కండ చూడండి డాక్టరు గారూ. వాపు అక్కడే తెలుస్తుంది. ఎముకలో చీము పట్టినా పది పన్నెండు రోజుల దాకా ఫిల్ములో కనపడదండి" అనేవారు. పది రోజులాగి తీసిన రెండో ఫిల్ములో ఎముక అంచు గరుకుగా లేచి, లోపల చెదలు తిన్నట్టు కనిపిస్తే, తన మాటే నిజమైందని ఎన్నడూ అనలేదు. "పాపం, ఎంత నొప్పో" అనేవారు.

మూడేళ్ళ క్రితం రాజోలు వైపు నుంచి చెట్లెక్కి కొబ్బరి దింపులు తీసే ఆయన తన కుక్కను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చాడు. వేరే కుక్క కరిచిన గాయం పైకి మానింది గానీ కాలు మోపడం లేదు. ఫిల్ములో ఎముక శుభ్రంగా ఉంది. బెణుకని చెప్పి, నొప్పి మాత్రలిచ్చి పంపేశాను. ఆవిడ మాత్రం ఫిల్ములో వాపు మీద వేలు పెట్టి, "పది రోజులకి మళ్ళీ రమ్మని ఫోను చెయ్యండి. మర్చిపోకండేం" అన్నారు.

"ఆయ్, చేస్తానండి" అన్నాను. మర్చిపోయాను.

నెల దాటాక ఆయనే వచ్చాడు. కుక్క కాలి నుంచి చీము కారుతోంది. ఫిల్ములో ఎముక సగం కరిగిపోయి, మధ్యలో చచ్చిన ముక్క ఒకటి తెల్లగా విడిపోయి ఉంది.

"ఇంతదాకా ఎందుకు ఊరుకున్నారండీ?" అని ఆయన్నే కసిరాను.

"మీరు బెణుకన్నారు కదండీ. మళ్ళీ రమ్మని ఎవరూ చెప్పలేదండి."

నేను నోరు తెరిచేలోపు ఆవిడ అందుకున్నారు. "నేను ఫోను చెయ్యాల్సిందండి. మర్చిపోయేను. తప్పు నాదేనండి."

నేను కాదనలేదు. కాలు తీసేశాను. చీము అప్పటికే ఒళ్ళంతా పాకింది. నాలుగో రోజు కుక్క చచ్చిపోయింది.

తర్వాత "ఎందుకలా అన్నారండీ?" అని ఆవిణ్ణి అడిగాను.

"రేపు ఇంకో పశువుకి బాగోకపోతే ఆయన మీ దగ్గరికే రావాలి కదండీ. నన్ను నమ్మి ఎవరూ రానక్కర్లేదు. మిషనుంటే చాలు." ఫిల్ము కవర్లో పెడుతూ అన్నారు. నా మొహం వైపు చూడలేదు. ఆ తర్వాత ఏ పశువు విషయంలోనూ నేను పదో రోజు మర్చిపోలేదు. ఆవిడ ముందు తప్పు ఒప్పుకోవడం మాత్రం రేపు, రేపు అంటూనే ఉండిపోయింది.

ఆవిడ అంత్యక్రియలకి సమాధుల తోటకి దింపులాయన కూడా వచ్చాడు. పక్కకి పిలిచి చెప్పేశాను. "ఆ రోజు ఫోను చెయ్యాల్సింది నేనండి. ఆవిడ కాదు."

ఆయన గొయ్యి వైపు తిరిగాడు. "ప్రతి క్రిస్మస్‌కీ ఫోను చేసేవోరండి ఆవిడ. మీ కుక్క గుర్తొచ్చింది, తప్పయిపోయింది బాబూ, అనేవోరు. పర్వాలేదమ్మా అని ఒక్కసారి కూడా అనలేదండి నేను."

మట్టి వేస్తున్నారు. ఆయన ముందుకెళ్ళి, వంగి, గుప్పెడు తీసుకున్నాడు. వెయ్యలేదు. ప్రార్థన అయ్యి అందరూ గేటు దాటాక వెనక్కి తిరిగి చూశాను. పిడికిలి అలాగే బిగించి, ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.