తూటాలు దొరకని తుపాకీ

మా ఆయనకి తుపాకీ కొనడానికి నేనూ వెంట వెళ్ళానంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నేను చీర కొనుక్కుంటుంటే కొట్టు గుమ్మం దాటి లోపలికి రాని మనిషి ఆయన. ఆయన తుపాకీకి మాత్రం నేను కాకినాడ దాకా బస్సులో పక్కన కూర్చుని వెళ్ళాను. వెళ్ళడమే కాదు, ఏ తుపాకీ కొనాలో తేల్చింది కూడా నేనే. చాలాకాలం అలాగే అనుకున్నాను.

అది ఎనభైల్లో మాట. మేం యానాంలో, అడవిపొలం అనే పేటలో ఉండేవాళ్ళం. నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. ఆయన మిలిటరీలో ఉండగా జీపు బోల్తాపడి కుడి భుజం చితికింది. మెడికల్ బోర్డు వాళ్ళు పరీక్ష చేసి, పెన్షన్ రాసి, ఇంటికి పంపేశారు. వచ్చిన కొత్తలో ఊరంతా వచ్చి పలకరించి వెళ్ళింది. తర్వాత ఎవరి పనులు వాళ్ళవి. ఈయనకే ఏ పనీ లేదు. పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని, బూట్లు పాలిష్ చేసుకుని, అరుగు మీద కూర్చునేవారు. ఎక్కడికీ కదిలేవారు కాదు. సాయంత్రం ఆ బూట్లు విప్పి మళ్ళీ తుడిచి పెట్టుకునేవారు. మట్టి అంటని ఆ బూట్లు చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఒకరోజు అన్నం తింటూ, పులుసులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా ఒక మాట అన్నారు.

"నేను పోతే నీకు పెన్షన్ ఆగదే. సగం వస్తాది. కాగితాలన్నీ ట్రంకు పెట్టెలో అడుగున పెట్టాను. ఎతుక్కోకుండా ఉంటావని చెప్తున్నా."

"ఏం మాటలండీ అవి, కంచం ముందు కూర్చుని! నోరు మూసుకుని తినండి" అన్నాను.

ఆయన బుద్ధిగా తిన్నారు. నేను పెరట్లోకి వెళ్ళి, అరటిచెట్టు వెనక నిలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. నాకు అర్థం కాకపోవడానికి నేనేం చిన్నపిల్లని కాదు. ఆ రోజు నుంచి బడిలో పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తున్నా నా చెవులు ఇంటి వైపే ఉండేవి. ప్రార్థనలో కూడా మిగతావన్నీ మానేసి ఒక్కటే అడిగేదాన్ని. ప్రభువా, ఈ మనిషికి ఒక పని చూపించు తండ్రీ, ఏ పనైనా సరే.

ఏ పనైనా సరే అన్నాను కదా, ప్రభువు బ్రాందీ షాపులో చూపించాడు.

మందు చవకైన మా యానాంలో ఆ షాపులకి కొదవేముంది. చుట్టూ ఉన్న ఆంధ్రా ఊళ్ళ వాళ్ళందరికీ మా ఊరి మీదే మమకారం. అలాంటి షాపులు రెండు మూడు ఉన్న ఒకాయన మా ఇంటికి మనిషిని పంపకుండా తనే వచ్చాడు. కౌంటర్ దగ్గర నిలబడి గొడవలు కాకుండా చూడాలి, పొద్దున్నే డబ్బు సంచీ బ్యాంకు దాకా తోడు వెళ్ళాలి. అదీ ఉద్యోగం.

"ఎక్స్ మిలిటరీ కదండీ, మీరైతే బాగుంటారండి. కాకపోతే తుపాకీ మీదే అవ్వాలండి, ఆయ్. కర్ర పట్టుకునేవోళ్ళు నాకు నలుగురున్నారు. తుపాకీ లేకపోతే మాత్రం ఈ ఉజ్జోగం లేదండి."

ఆ మాట వినగానే మా ఆయన వీపు నిటారుగా అయింది. ఆ ముఖంలో వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో! నాకు మాత్రం ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉద్యోగం లేకపోతే ఈయన అరుగు మీదే కరిగిపోతారు. ఉద్యోగం కావాలంటే ఇంట్లోకి తుపాకీ రావాలి. ట్రంకు పెట్టెలో కాగితాలు సర్దుకున్న మనిషి చేతికి తుపాకీ! ఎవరితో చెప్పుకోను? చర్చిలో చెబుదామా అంటే, అక్కడ అప్పటికే బ్రాందీ షాపు సంగతి తెలిసి గుసగుసలు.

"ఏంటి టీచర్ గారూ, మన సంఘంలో మనిషి సారా కొట్టులోనా?" అని పాస్టరమ్మ గారు అడిగారు.

"ఆయన అమ్మరండీ, తాగరండీ, నిలబడతారంతే" అన్నాను.

లైసెన్సు వచ్చింది. మాది పాండిచ్చేరి ప్రభుత్వం, తుపాకీ కొట్టు ఉన్నది ఆంధ్రాలో. కొన్నదాన్ని ఇటు తెచ్చుకోవడానికి ఇంకో కాగితం కావాలన్నారు. అదీ వచ్చింది. కాకినాడకి బయల్దేరే రోజు నేను బడికి సెలవు పెట్టాను.

"నువ్వెందుకే? తుపాకీ ఏమన్నా చీరా, అంచు చూసి కొనడానికి?" అన్నారు.

"మీకు బేరం చేతకాదు. కొట్టువాడు చెప్పిందే ధర అంటారు. నేనొస్తాను" అన్నాను.

అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. బేరం నెపంతో ఏదో ఒకటి చేసి ఆ తుపాకీని కొననివ్వకూడదని ఒక ఆలోచన, ఉద్యోగం మాత్రం పోకూడదని ఇంకో ఆలోచన. రెండూ ఎలా కుదురుతాయో నాకే తెలీదు.

ఊరి పొలిమేర దాటగానే ఆంధ్రా చెక్‌పోస్టు వాళ్ళు బస్సు ఆపారు. సీసాల కోసం వెతుకులాట. ఒకాయన నా సంచీలో చెయ్యి పెట్టి, పులిహోర గిన్నె మూత తీసి, వాసన చూసి మరీ పెట్టాడు.

"తింటారా, పెట్టమంటారా?" అన్నాను. బస్సంతా నవ్వింది. మా ఆయన మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

తుపాకీల కొట్టు నేను అనుకున్నంత భయంకరంగా లేదు. మెయిన్ రోడ్డు పక్క సందులో, గొడుగులు బాగుచేసే కొట్టులా ఇరుగ్గా ఉంది. కొట్టు యజమాని లావు కళ్ళద్దాల పెద్దాయన. ఆడమనిషిని చూసి కంగారుపడి కుర్చీ తుడిచి వేశాడు.

ముందు రెండు గొట్టాల తుపాకీ చూపించాడు. ధర వినగానే నేను కుర్చీలోంచి లేచాను. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టుందండీ మీ వ్యవహారం" అన్నాను. ఆయన నొచ్చుకోకుండా దాన్ని పక్కన పెట్టి, ఒక గొట్టం తుపాకీ తీశాడు.

"ఇదైతే మీ అందుబాటులో ఉంటాదండి. మన దేశం సరుకే. తూటాలకి ఇబ్బంది లేదు. ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి."

ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయన్న మాట నా చెవిలో గంటలా మోగింది. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. భుజానికి ఆనించబోయి, ఆనించకుండానే గబుక్కున బల్ల మీద పెట్టేశారు. ముఖం పాలిపోయింది. పాపం, భుజం నొప్పి కాబోలు అనుకున్నాను.

"మాకు మిలిటరీలో కార్బైన్ ఉండేదండి" అన్నారు. "పొట్టిగా, తేలిగ్గా ఉంటాది. పిస్తోల్లో ఏసే చిన్న తూటాయే దాంట్లోనూ పడతాది. కాలిస్తే భుజాన్ని తన్నదు. అలాంటిదేమన్నా ఉందా?"

పెద్దాయన నవ్వాడు. "ఆ తూటా సర్కారోళ్ళదండీ బాబూ. మీకూ నాకూ ఇవ్వరు." అని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, లోపలికి వెళ్ళి పాత దుప్పట్లో చుట్టినదొకటి తెచ్చాడు. విప్పితే, పొట్టి తుపాకీ. కర్ర భాగం చింతగింజ రంగులో నిగనిగలాడుతోంది. గొట్టం కింద ఇనప కొక్కెంలాంటిది ఉంది.

"ఎవరో జమీందారు గారిదండి. అమెరికాది. ఇదీ కార్బైనే. ఆ దేశంలో అప్పట్లో నడుముకి కట్టుకునే రివాల్వర్లో ఏ తూటా ఏసేవోరో, దీంట్లోనూ అదే. మీ లైసెన్సుకి సరిపోతాది. ఈ కొక్కెం కిందకి లాగి పైకి ఏస్తే తూటా ఎక్కుతాది, చూడండి."

ధర చెప్పాడు. ఒక గొట్టం తుపాకీకన్నా తక్కువ! నాకు వెంటనే అనుమానం వచ్చింది. నవనవలాడే వంకాయలు చవకగా ఇస్తున్నాడంటే లోపల పుచ్చు ఉంటుంది.

"ఇంత మంచిదైతే ఇంత చవకెందుకండీ?"

"దాపరికం ఎందుకమ్మా, దీనికి తూటాలు దొరకవు. బయట దేశం నుంచి రావడం ఎప్పుడో ఆగిపోయింది. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటారు చూడండి, ఈ గుర్రం మంచిదే, దాణాయే లేదు."

నా గుండెల మీంచి రోలు దించినట్టయింది. స్తోత్రం ప్రభువా, స్తోత్రం! తుపాకీ ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది, ప్రాణమూ ఉంటుంది. పైకి మాత్రం మూతి ముడుచుకుని, బల్ల మీదున్న ఒక గొట్టం తుపాకీ వైపు అసహ్యంగా చూశాను.

"ఆ భుజంతో అంత బరువు రోజంతా మొయ్యగలరా మీరు? అది ఒక్కసారి తన్నిందంటే మళ్ళీ ఆస్పత్రే. ఈ పొట్టిదే తీసుకోండి. భుజానికి హాయి. ధరా కలిసొస్తుంది."

"పేలని తుపాకీ ఏం చేసుకుంటారమ్మా?" అన్నాడు పెద్దాయన, తన సరుకు తనే చెడగొట్టుకుంటూ.

"మా ఊళ్ళో తాగినోడికి తుపాకీ కనబడితే చాలండి. పేలక్కర్లేదు."

మా ఆయన నా వైపు చాలాసేపు చూశారు. దొరికిపోయానా అనుకున్నాను. చివరికి, "ఇదే కట్టండి" అన్నారు. నేను ధరలో ఇంకొంచెం తగ్గించాను కూడా. పెద్దాయన మంచివాడు. మంచితనం కొంచెం ఎక్కువైంది. గుమ్మం దాటుతుంటే, "తూటాలు ఎక్కడన్నా దొరికితే కబురెడతానండీ!" అని కేకేశాడు. నీకెందుకయ్యా ఈ పరోపకారం అని మనసులో తిట్టుకున్నాను.

తిరుగు బస్సులో దుప్పట్లో చుట్టిన తుపాకీ మా ఇద్దరి మధ్యా నిలబెట్టుకుని కూర్చున్నాం. పక్క సీటులో చేపల బుట్టతో ఉన్న ఆవిడ దాన్ని తడిమి చూసింది.

"ఏంటమ్మా ఇది, తెడ్డా?"

"ఆయ్, తెడ్డేనండి" అన్నాను.

మా ఆయన పకపకా నవ్వారు. మిలిటరీ నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. చెక్‌పోస్టు దగ్గర ఎవరూ మా వైపు చూడలేదు. యానాంలోంచి సీసా తీసుకెళ్తే పట్టుకుంటారు గానీ, యానాంలోకి తుపాకీ తీసుకొస్తే అడిగేవాడు లేడు.

ఇంకో గండం మిగిలే ఉంది. బ్రాందీ షాపు యజమాని ఒప్పుకోవాలి. మర్నాడు సాయంత్రం షాపు రద్దీగా ఉన్నప్పుడు ఇద్దరం వెళ్ళాం. నేను రోడ్డుకి అవతల, సోడాబండి పక్కన నిలబడ్డాను. చర్చి వాళ్ళెవరైనా చూస్తారేమోనని తల మీద కొంగు కప్పుకున్నాను.

"ఇదేంటండీ ఇంత పొట్టిగా ఉంది?" అన్నాడు యజమాని. "పేలతాదా అసలు?"

మా ఆయన తుపాకీ చేతిలోకి తీసుకున్నారు. కొక్కెం కిందకి లాగి పైకి వేశారు. చటక్, చటక్. ఎంత చప్పుడండీ అది! కౌంటర్ దగ్గర తోసుకుంటున్న వాళ్ళంతా బడిపిల్లల్లా వరసలో నిలబడ్డారు. ఒకాయన చేతులు కూడా కట్టుకున్నాడు.

"చాలండి బాబూ, చాలు" అన్నాడు యజమాని. "రేపట్నించి వచ్చెయ్యండి."

నేను సోడా తాగకుండానే సోడాబండి అబ్బాయికి డబ్బులిచ్చేశాను.

ఆ తర్వాత మా ఇంట్లో మాటలు మొదలయ్యాయి. ఎవడు కాలవలో పడ్డాడు, ఎవడు పెళ్ళానికి భయపడి షాపు వెనక దాక్కున్నాడు, ఎవడిని రిక్షా ఎక్కించి అగ్రహారంలో ఇంటి దగ్గర దింపించారు, అన్నీ చెప్పేవారు. బూట్లకి బురద అంటుకొచ్చేది. ఆదివారం చర్చి నుంచి రాగానే భోంచేసి గురక పెట్టి నిద్రపోయేవారు. ఆ గురక వింటూ నేను పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. పెళ్ళయిన కొత్తలో ఆ గురకకే పుట్టింటికి పోతానని బెదిరించాను, చూశారా.

కొన్ని నెలలు గడిచాయి. ఒక ఆదివారం బజారులో కాకినాడ బస్సు కండక్టరు నన్ను చూసి ఆగాడు.

"టీచర్ గారూ, తుపాకీ కొట్టాయన చెప్పమన్నాడండి. మీ తుపాకీకి తూటాలు దొరికాయంటండి. ఒక పెట్టె. ఎక్కడో జమీందారు బంగళాలో ఉండిపోయాయంట."

కూరల సంచీ అక్కడే జారిపోయింది. ఇంటికి ఎలా వచ్చానో తెలీదు. ఆయన అరుగు మీద కూర్చుని, గుడ్డ ముక్కతో తుపాకీ తుడుస్తున్నారు. చెప్పకుండా దాద్దామంటే కండక్టరు రేపు ఆయనకే చెప్తాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"తెలుసే" అన్నారు తల ఎత్తకుండా. "నిన్న ఇంకో బస్సు కండక్టరు నాకూ చెప్పాడు. వద్దని కబురు పంపేశాను."

"వద్దన్నారా?"

"ఊఁ." గుడ్డ మడత పెట్టి పక్కన పెట్టారు. "ఆ రోజు కొట్లో నా భుజం మీద నువ్వు ఒలకబోసిన ప్రేమ చూసి నవ్వొచ్చిందే. తూటాలు దొరకవని ఆయన అన్నాక గదా నీకు నా భుజం గుర్తొచ్చింది."

అయితే ఆ రోజే దొరికిపోయానన్నమాట.

"ఆ ఒక గొట్టం తుపాకీ పట్టుకున్నప్పుడు నాకు నొప్పెట్టలేదు. భయమేసింది. ఇది ఇంట్లో ఉంటే నేనుండనేమో అనిపించింది. నువ్వు ఈ పొట్టిది తీసుకోమన్నావు చూడు, అప్పుడు తెలిసింది, నీకూ ఆ భయమే ఉందని. ఇద్దరికీ తెలిసిపోయాక ఇంక నాకేం భయం?"

నేను అరుగు మీద ఆయన పక్కన కూలబడి, వీధిలో జనం చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. ఆయన ఆ బాగున్న ఎడమ చేత్తో నా వీపు నిమిరారు. గుండె తేలికైపోయింది. ఏడుస్తూనే నవ్వొచ్చింది కూడా.

"ఇదిగో, ఆ ట్రంకు పెట్టెలో కాగితాల సంగతి చెప్పాను చూడు" అన్నారు కాసేపయ్యాక. "అది మర్చిపో."

ముక్కు చీదుకుని, కొంగుతో ముఖం తుడుచుకుని అడిగాను.

"ఏ కాగితాలండీ?"