ఐదొందల ఏండ్ల పసిపిల్లగాడు

లోకంల నౌకరీ పోగొట్టుకున్నోళ్ళు మస్తుమంది. ఒకడు దొంగతనం చేసి పోగొట్టుకుంటడు, ఇంకొకడు కునికిపాట్లు పడి పోగొట్టుకుంటడు. ఐదొందల ఏండ్ల పసిపిల్లగానికి దిష్టిచుక్క పెట్టి పోగొట్టుకున్నోడు మాత్రం కాశీ నుంచి రామేశ్వరం దాక వెతికినా నేనొక్కన్నే. ఆ ప్రళయం ఎట్ల వచ్చిందో చెప్త, నవ్వుకోండ్రి. అప్పుడు నవ్వెతందుకు నా పక్కన ఎవరూ లేకుండె. ఆ బాకీ మీరన్న తీర్చుండ్రి.

నాకు ఇరవై నాలుగేండ్లు. దబీర్‌పురాల ఒక నవాబు సాబ్ దేవిడీల మున్షీని. ఆ దేవిడీ ఎంత పెద్దదంటే, వంటింట్ల పోపు పెడితే దివాన్‌ఖానాల తెల్లారి తుమ్మెటోళ్ళు. దేశదేశాల వస్తువులు కొని నింపుడు నవాబు సాబ్ షోకు. గడియారాలకొక గది, కత్తులకొక గది, అన్నిటికంటె చివరకు ఫిరంగీ కితాబుల గది, అంటే దొరల దేశాల పుస్తకాలది. ఆ గదిల ఉన్నవన్నీ చూసి ఫెహరిస్తు రాసుడు నా పని. ఫెహరిస్తు అంటే జాబితానే. ఉర్దూల అంటే జర బరువుంటది.

ఆ గదికి రాజు ఒక కిరస్తానీ ప్రార్థనల పుస్తకం. అచ్చు యంత్రం పుట్టక ముందు, మఠాలల్ల సన్యాసులు దూడతోలు మీద చేత్తోని రాసి, బంగారం అతికి బొమ్మలు గీసినది. దూడతోలు అని తెలిసిన దినం మా తాతముత్తాతలు యాదికొచ్చి ఏడుసార్లు చేతులు కడుక్కున్న. ఎనిమిదోసారికి బద్ధకమైంది. అది లాటిన్ అంట, నాకు ఒక్క ముక్క రాదు. అర్థం తెల్వకుండ మంత్రాలు చదివే ఇంట్ల పుట్టినోన్ని, అదొక ఇబ్బందా?

అంచుల నిండ వింతలే. కవచం తొడిగిన సర్దారొకడు నత్తతోని కత్తియుద్ధం చేస్తుంటడు. ఫెహరిస్తుల గట్లనే రాసిన: "నత్త, ఒకటి. గెలిచేటట్టున్నది." ప్రతి ప్రార్థనకు మొదటి అక్షరం ఇల్లంత ఉంటది, లోపల మనుషులు కాపురం చేస్తుంటరు. ఒక అక్షరంల నీలం కొంగు కప్పుకున్న తల్లి, ఆమె ఒడిల బంగారు వలయం తలకు చుట్టుకున్న పిల్లగాడు. ఒట్టేసి చెప్తున్న, లాల్‌దర్వాజాల నేను కిరాయికుండే అర్రకంటె ఆ అక్షరమే విశాలం. పైగ అండ్ల ఇద్దరున్నరు.

నా అర్రల నేనొక్కన్నే. నా పెండ్లాం తొలికాన్పుకు జనగామ పోయి ఏడు నెలలైంది. కొడుకు పుట్టి నాలుగు నెలలైంది. నేనింక మొఖం చూడలే. సెలవడిగితే ఒకటే జవాబు: "ముందు ఫెహరిస్తు పూర్తి చెయ్." ఒక్కనికి అన్నం వండుడంత కష్టం లోకంల ఇంకోటి లేదండ్రి. ఎంత తక్కువ పోసినా ఇద్దరికైతది. అర్ర కిరాయికిచ్చిన ఇంటామెకు చెవుడు. నా మాటలన్నీ మూటగట్టుకొని పొద్దుగాల దేవిడీకి పట్కపోయి, పుస్తకం తెరిచి, ఆ అక్షరంల ఆమెకు చెప్పుకునేటోన్ని. "అక్కా, ఇయ్యాల చారు మాడిపోయింది." చారు ఎట్ల మాడుతదని ఆమె ఒక్కనాడూ అడగలే. గంత మర్యాద.

దినాం సాయంత్రం అసర్ నమాజు తర్వాత నవాబు సాబ్ వచ్చి, ఆ పుట ముంగట నిలబడి, భూతద్దంల పిల్లగాన్ని చూసి పోయెటోడు. ఆయనకు సంతానం లేదు. ఆ మాట దేవిడీల గోడలు సుత అనకపోయేవి.

ఆఖరికి ఫెహరిస్తు పూర్తయింది. ఆ దినమే సెలవు కాగితం మీద దస్తఖతు కావాలె, రాత్రి బండికి పోవాలె. కొడుకు కోసం లాడ్‌బజార్‌ల కొన్న కాటుక భరిణె జేబుల పెట్టుకొనే వచ్చిన. అప్పుడే టపా జవాను కార్డు తెచ్చిచ్చిండు. అత్తమ్మ రాయించింది: "పిల్లగానికి దిష్టి తగిలి మూడొద్దులు పాలు ముట్టలేదు. చుక్క పెట్టుడు మరిచినం. ఇప్పుడు నయం."

తలెత్తితే ఎదురుంగ బొమ్మల పిల్లగాడు. బుగ్గలు బూరెల లెక్క. చుక్క లేదు! ఐదొందల ఏండ్ల సంది చుక్క లేదు! ఇంక నా చెయ్యి నా మాట వినలే. భరిణె తీసిన, వేలు ముంచిన, పెట్టిన.

కాటుకల నెయ్యి ఉంటది గద. చుక్క కాస్త పాకింది. తుడిచిన. ఇంక పాకింది.

జాడు కట్టతోని లోపలికొచ్చిన ఫరాష్ ఖాసిం భాయ్ తొంగి చూసి నెత్తి పట్టుకున్నడు.

"యా అల్లా! పంతులూ, బచ్చాకు దాడీ మొలిచిందేంది?"

"చుక్క పెట్టిన భాయ్, జర జరిగింది."

"జరనా? ఇప్పటిదాక పాలు తాగేటోడు, ఇగ హుక్కా అడిగెటట్టున్నడు!"

"ఏదన్న ఉపాయం చెప్పు భాయ్, నీ కాళ్ళు మొక్కుత."

"డబల్ రొట్టె తోని రుద్దు. గోడల మరకలు గట్లనే తీస్త నేను."

గోటితోని పోయేదానికి గొడ్డలి అంటరు. నేను ఆయన నాష్తాకు తెచ్చుకున్న డబల్ రొట్టె అందుకున్న. రుద్దితే గడ్డం పోయింది, నిజమే. బుగ్గ మీద బూడిదరంగు చుక్క మిగిలింది. కాని తలచుట్టున్న బంగారం సగం రొట్టెకంటుకొని వచ్చింది! బయట నవాబు సాబ్ చేతికర్ర చప్పుడు. ఖాసిం భాయ్ వెనక ముందు చూడకుండ ఆ ముక్క నోట్లేసుకొని మింగిండు. ఐదొందల ఏండ్ల బంగారం, ఒక్క గుటక.

నవాబు సాబ్ భూతద్దం పెట్టిండు. తీసిండు. మళ్ళ పెట్టిండు.

"ఇదేంది మున్షీ?"

"దిష్టిచుక్క, హుజూర్. నేనే పెట్టిన." కార్డు చూపిచ్చి, కథంతా చెప్పి, కండ్లు మూసుకున్న.

నవ్వు వినపడ్డది. దేవిడీల అంతకుముందు నవ్వు విన్నోళ్ళు లేరు, పావురాలు సుత లేచిపోయినయి. "నజర్ కా టీకా! మా అమ్మీ నాకూ పెట్టేదయ్యా." కండ్లు తుడుచుకుంట సెలవు కాగితం అందుకున్నడు. "ఎన్ని రోజులు?"

"ఎనిమిది, హుజూర్."

కలం సిరాల ముంచి, ముచ్చటకే అడిగిండు: "అయితే, ఈ గదికి పిల్లి సుత రాదు గద. వీనికి నజర్ పెట్టేదెవరు?"

ఇక్కడ ఒక్క దగ్గు దగ్గి ఊకుంటే అయిపోయేది. కాని నేను మున్షీని, అడిగిన దానికి సరిగ్గ జవాబియ్యాలె. ఆలోచించి, లెక్క తేల్చి, చేతులు కట్టుకొని చెప్పిన:

"దినాం వచ్చి చూసేది తమరొక్కరే, హుజూర్."

ఖాసిం భాయ్‌కు మింగిన రొట్టె అప్పుడు పొలమారింది.

నవాబు సాబ్ కోపం చెయ్యలే. చేస్తే బాగుండు. కాగితం మీద మూడు మాటలు రాసి నా చేతిల పెట్టి, పుస్తకం తనే మూసి, పైన మల్‌మల్ బట్ట కప్పిండు. "పో. నీ కొడుకు దగ్గరనే ఉండు," అన్నడు.

బయటికొచ్చి చదివిన. ఎనిమిది అని ఉండాల్సిన జాగల "హమేషా కే లియే" అని ఉన్నది, అంటే ఎల్లకాలానికి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. నా నోటికి ఊరే మారింది.

తెల్లారి జనగామల దిగి, ఉరికినట్టే పోయి కొడుకును ఎత్తుకున్న. వాడు నన్ను కింద నుంచి మీదికి చూసి, జనగామ గుట్టలు దద్దరిల్లేటట్టు ఏడుపు షురూ చేసిండు. అత్తమ్మ ఉప్పు, మిరపకాయలు పట్టుకొని ఉరికొచ్చి తిప్పబట్టింది.

"ఎవరి దిష్టి అత్తమ్మా? నేనిప్పుడే గద వచ్చిన."

"నీదే నాయనా. నాలుగు నెలల సంది వీని కోసం తండ్లాడినవు గద. తండ్లాడే కండ్లే గట్టిగ తగుల్తయి. అండ్ల తప్పేమున్నది?"

ఈ ముక్క ఒక్కదినం ముందు తెలిస్తే! ఆ రాత్రే నవాబు సాబ్‌కు ఉత్తరం రాద్దామని కూసున్న. "హుజూర్" అని రాసి ఆగిపోయిన. తర్వాతి మాట ఇప్పటిదాక దొరకలే.

గాబట్టి, ఏడుకొండలవాని సాక్షిగ, డబల్ రొట్టె సాక్షిగ ప్రమాణం చేస్తున్న: నూరేండ్లు దాటిన ఏ పసిపిల్లగానికీ ఈ జన్మల చుక్క పెట్టను. ఒకవేళ చెయ్యి ఆగక పెట్టినా, దిష్టి ఎవరిదని ఎవరడిగినా, చేతులు కట్టుకొని ఒక్కటే చెప్త.

"నాదే, హుజూర్."