మొగులు రంగు పందిరి

నిజాం పాలన చివరి రోజులవి. నాలుగుతోనే బడి మానేసిన నాకు, అన్న మెట్రిక్ పాసైనందుకు ఇచ్చే దావతు పందిరికి రంగులెంచే పని అప్పగించారు. పందిరికి కప్పే అవ్వ పాత చీరలకే అద్దకం.

"ఎర్రరంగొద్దురా, కమ్యూనిస్టు సంఘపోళ్లని అన్నను ఠాణాకు పట్టుకపోతరు," అన్నాడు బాపు. "మూడు రంగులేస్తే కాంగ్రెసోళ్లంటరు."

"మరి పసుపు?"

"సర్కారు జెండా రంగు. కిందపడితే తోలు తీస్తరు!"

విసిగి, రంగులన్నీ ఒకే గంగాళంలో కలిపేశాను. చీరలు వానముందటి మబ్బుల్లా, మొగులు రంగులో తేలాయి. గాలికి పందిరి ఊగుతుంటే ఇల్లే ఆకాశంలోకి పోతున్నట్టనిపించింది.

అంతలో పోలీసు అమీన్ వచ్చాడు. అన్న తింటున్న లడ్డు చేత్తో పట్టుకునే లేచి నిలబడ్డాడు.

"గిది ఏ పార్టీ రంగురా?"

"మొగులు పార్టీ, సాబ్. వానొచ్చిననాడే మీటింగు," అన్నాన్నేను.

అమీన్ తలెత్తి చాలాసేపు చూశాడు. టోపీ తీసి కూర్చుని, అన్న చేతిలోని లడ్డు అందుకున్నాడు.

ఆ సాయంత్రం తలచుకుంటే భయంకన్నా ముందు, అందరి ముఖాలపై పరుచుకున్న ఆ పందిరి నీడే గుర్తొస్తుంది.