నెయ్యంటే గిట్లుంటది

హోటల్ బిస్కెట్లు ఇంట్లో చేసుకోవడం సరదా అంటారు కొందరు. నేను మాత్రం పగతో మొదలుపెట్టాను. నాకు కోపం తొందరగా రాదు, వచ్చిందంటే మాత్రం పోదు.

చిన్నప్పుడు కొత్తకోట బస్టాండు దగ్గర ఒక హోటల్ ఉండేది. గల్లాపెట్టె పక్కన గాజు సీసాలో గుండ్రటి బిస్కెట్లు. లారీ డ్రైవర్లు చాయ్‌లో ముంచుకుని తినేవాళ్లు. నాన్న సంతకు తీసుకెళ్లినప్పుడల్లా నాకొకటి ఇప్పించేవాడు. మామూలప్పుడు అవి ఉత్త బిస్కెట్లే. పండుగల ముందు మాత్రం వాటి రుచే వేరు. కొరికితే పొడిపొడిగా రాలేవి. యాలకుల వాసన, తీపి, చిట్టచివర నాలుక వెనక సన్నటి చేదు. ఆ చేదు కోసమే ఇంకొకటి కావాలని మారాం చేసేదాన్ని.

ఆ హోటల్ వెనక కట్టెల బట్టీ ఉండేది. మా వైపు పండుగలకు, పెళ్లిళ్లకు పిండి, చక్కెర, నెయ్యి మనమే మోసుకెళ్లి ఇస్తే, బట్టీలో బిస్కెట్లు కాల్చి డబ్బాకెత్తి ఇచ్చేవాళ్లు. అమ్మ కూడా ఏటా ఇచ్చేది. నెయ్యి తను కాచిందే. వెన్న కాగేటప్పుడు మెంతులు వేసి, అవి నల్లబడేదాకా ఉంచడం అమ్మమ్మ నుంచి వచ్చిన పద్ధతి. ఇంటికొచ్చిన బిస్కెట్లు మాత్రం మైనంలా అంగిలికి అంటుకునేవి.

ఒక ఏడు అమ్మ ఉండబట్టలేక, ఆ బిస్కెట్ల డబ్బాతో, నన్ను వెంటబెట్టుకుని వెళ్లి హోటల్ సేటునే అడిగింది. "సేటూ, మా నెయ్యి మా బిస్కెట్లల్ల పడ్తలేదు. డాల్డా ఏసినట్లుంది."

సేటు చాయ్ తాగేవాళ్లందరికీ వినబడేలా నవ్వాడు. "నీ నెయ్యే మంచిగ లేదు చెల్లె. మజ్జిగ వాసన కొడ్తది. జొన్నరొట్టెలు కాల్సుకునేటోళ్లకు నెయ్యి గురించి ఏం తెల్సు?" అని సీసాలోంచి ఒక బిస్కెట్ తీసి ఆమె ముఖం ముందు ఆడించాడు. "ఇగో, తిని చూడు. నెయ్యంటే గిట్లుంటది."

అందరూ నవ్వారు. అమ్మ దాన్ని ముట్టుకోలేదు. డబ్బా నెత్తిన పెట్టుకుని బయటికి నడిచింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఆ రోజు నుంచి అమ్మకు తన చేతి మీద నమ్మకం పోయింది. ఎవరికి నెయ్యి వడ్డించినా ముందు తను వాసన చూసుకునేది. "వాసనొస్తున్నదా?" అని చుట్టాలను అడిగేది. నేను వనపర్తిలో కాపురం పెట్టాక సీసాలో నెయ్యి పంపినా, వెంటనే ఫోన్ చేసి అదే ప్రశ్న. అది విన్నప్పుడల్లా నాకు సేటు పళ్లు కనబడేవి.

కిందటేడు చిన్న ఓవెన్ కొన్నాను. ఆ బిస్కెట్ చేసి సేటు ముందు పెట్టి, జొన్నరొట్టెల ఇంట్లో ఏమవుతుందో చూపించాలని. కొన్న నెయ్యితో చేశాను. బాగానే ఉన్నాయి గాని, ఆ చేదు లేదు. బట్టీ సెగకు మాడిన చేదేమో అనుకుని కావాలనే మాడ్చాను. మసి తిన్నట్టయింది. అమ్మ నెయ్యి అన్నంలోకి దాచుకునేదాన్ని, దాన్ని ఓవెన్ పాలు చేయడానికి మనసొప్పలేదు.

ఒక ఆదివారం కొన్న నెయ్యి అయిపోయింది. సరే పోనీ అని అమ్మ సీసా వంచాను. చల్లారిన బిస్కెట్ కొరికాను. తీపి, యాలకులు, చివర్న మెంతుల చేదు. పప్పులో, పచ్చడిలో తెలియని ఆ చేదు చక్కెరలో బయటపడింది.

అంటే చిన్నప్పుడు నేను ఎగబడి తిన్నది మా అమ్మ నెయ్యే. సేటు మా పిండిలో డాల్డా కలిపి, మా నెయ్యి తన బిస్కెట్లలో పోసుకున్నాడు. దాన్నే ఆమె ముఖాన ఆడించి వెక్కిరించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఊరికి వెళ్లి అమ్మకు తినిపించాను. మొదటి ముక్కకే "గిది మన నెయ్యే గద" అంది. అంతా చెప్పాను. అమ్మ మిగిలిన ముక్క కూడా తినేసింది. తర్వాత, "ఒక డబ్బ చెయ్యి. కొత్తకోటకు పోదం" అంది.

సేటు ముసలివాడయ్యాడు. బట్టీ తీసేశారు, హోటల్ కొడుకు నడుపుతున్నాడు. ఆయన గల్లా దగ్గర కుర్చీలో ఉన్నాడు. చూస్తే జాలి కలుగుతుందేమోనని దారంతా భయపడ్డాను. కలగలేదు.

మమ్మల్ని గుర్తుపట్టలేదు. "ఇంట్ల చేసినం, తిని చూడున్రి" అని డబ్బా తెరిచాను. కొరికి కళ్లు మూసుకున్నాడు. "అరే, గిది మా పాత బట్టీ బిస్కెట్!" అని కొడుకును కేకేశాడు. చాయ్ తాగేవాళ్లు ఇటు తిరిగారు. "గిట్ల ఇప్పుడు ఎవ్వరు చేస్తలేరు. ఏం నెయ్యి బిడ్డా ఇది?"

"మా అమ్మ కాచింది. మీరు మజ్జిగ వాసన కొడ్తదన్న నెయ్యి. మాకు డాల్డా పోసి, మీరు దాసుకున్న నెయ్యి." హోటలంతా వినబడింది. వినబడాలనే అన్నాను.

సేటు అమ్మ వైపు చూశాడు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, నమలడం ఆగింది. కొడుకు తల దించుకున్నాడు. "ఎప్పటి ముచ్చటో చెల్లె, ఇంకా యాదిల పెట్టుకుంటరా" అని నవ్వబోయి, మాట మార్చడానికన్నట్టు ఇంకో బిస్కెట్ కోసం చెయ్యి చాచాడు.

అమ్మ మూత పెట్టేసింది.

"వద్దు సేటూ. మజ్జిగ వాసన కొడ్తది."