కాంటా పెద్దమ్మతో చూసిన దేశాలు

ఆ మంగళవారం పొద్దున్న నేను బియ్యం కడుగుతుంటే పక్కింటి పెదనాన్న మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. రోజూ ఏదో ఒక వేళాకోళం ఆడితేగాని కదలని మనిషి, ఆ రోజు తలుపు చెక్క పట్టుకుని, "మీ పెద్దమ్మ లెగట్లేదమ్మా" అన్నారు. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని పరిగెత్తాను. పెద్దమ్మ కుడి పక్కకి తిరిగి పడుకుని ఉంది. కళ్ళజోడు దిండు పక్కన ఉంది. డాక్టరు వచ్చి చూసి, నిద్రలోనే పోయారు అన్నాడు.

పది గంటలకల్లా ఖుర్సీపార్‌లో మా గల్లీ నిండిపోయింది. వచ్చినవాళ్ళంతా ఒకే మాట. "బరువే కదమ్మా, ఇంకేటి." "అంత లావు మనిషి ఎన్నాళ్ళుంటాది?" డాక్టరు ఆ మాట అనలేదు. అరవై ఎనిమిదేళ్ళు బతికిన మనిషి గురించి మొట్టమొదట చెప్పుకోవాల్సింది అదేనా? అలా అడగాలని నాకు నోటిదాకా వచ్చింది. కాని నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. ఏడో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని, రాయడమూ కొత్తే. అయినా రాస్తున్నాను. ఏడవటానికి కాదు. ఆవిడ సంగతులు చెప్పడం మొదలుపెడితే నాకు ఇప్పటికీ హుషారు ఆగదు.

ముందు ముఖం చెప్తాను. గుండ్రటి ముఖం. నవ్వితే ఎడమ బుగ్గ మీద మాత్రమే సొట్ట పడేది. రెండు పక్కలా మట్టి రంగు పూసలదండ కట్టిన కళ్ళజోడు ఎప్పుడూ మెడలో వేలాడేది, కావాల్సినప్పుడు మాత్రం ఇల్లంతా వెతికేది. గొంతు పెద్దది. మా వంటింట్లో నుంచి వింటే ఆవిడ ఏ చర్చి కీర్తన పాడుతోందో, ఏ కూరగాయల బండివాడితో పోట్లాడుతోందో తెలిసేది.

కార్ఖానాల రోడ్డు మీద లారీలు తూచే కాంటా ఒకటుంది. నేలలో పరిచిన పెద్ద ఇనుప వేదిక, పక్కన చిన్న గది, ఆ గదికో కిటికీ. ఆ కిటికీ వెనక పెద్దమ్మ ఇరవై ఏళ్ళకి పైగా కూర్చుంది. పోయే ముందు వారం దాకా పొద్దున్న పూట వెళ్ళింది. ఇనుప కడ్డీలు, తుక్కు, బొగ్గు, ఏ లారీ అయినా ఆవిడ ముందు ఆగాల్సిందే. డ్రైవర్లు మాసీ అనేవారు. మా గల్లీలో అందరికీ కాంటా పెద్దమ్మ.

నేను రెండేళ్ళ క్రితం శ్రీకాకుళం పక్క పల్లె నుంచి ఈ హిందీ ఊరికి పెళ్ళై వచ్చాను. చిన్నప్పటి నుంచీ లావుగానే ఉంటాను. వచ్చిన కొత్తలో ఒకసారి పవర్ హౌస్ బజారుకి ఆటో ఎక్కితే, డ్రైవరు వెనక్కి తిరిగి చూసి, "ఇద్దరు పాసింజర్ల జాగా పట్టింది" అన్నాడు హిందీలో. అందరూ నవ్వారు. ఆ తరవాత నేను బజారు మానేశాను. కూరలు మా ఆయనే తెచ్చేవారు.

మధ్యాహ్నాలు పెద్దమ్మ ఇంట్లో టీవీ మోగేది. నేను వాళ్ళ గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని, చూడనట్టుగా చూసేదాన్ని. నాలుగో రోజు లోపలి నుంచి కేక వినిపించింది.

"ఓలమ్మ, తలుపు కాడ నిలబడితే సగం బొమ్మే కనబడతాది. లోపలికొచ్చి కూకో."

"పనుందండీ."

"ఏటి పని? గోడ మొయ్యడమా?"

లోపలికి వెళ్ళాను. తెర మీద ఒక లావాటి అమెరికా ఆవిడ పెద్ద తూకం మిషను ఎక్కుతోంది. చుట్టూ జనం. గుండె కొట్టుకుంటున్నట్టు సంగీతం. అంకెలు పైకీ కిందికీ పరిగెడుతున్నాయి. నేను తెర మీంచి చూపు తిప్పుకున్నాను. పెద్దమ్మ మాత్రం మరమరాలు నములుతూ, "ఇదేటే, ఇంత గోల! మేం నలభై టన్నుల బండి తూచినా డప్పులు కొట్టం" అంది.

అలా మొదలైంది మా కాలక్షేపం. లావు మనుషుల మీద ఏ దేశం వాళ్ళు తీసిన కార్యక్రమం అయినా సరే, హిందీలో మాటలు పెట్టి టీవీలోనో ఫోనులోనో వస్తే మేం వదిలేవాళ్ళం కాదు. అమెరికా వాళ్ళకి తిట్టే మాస్టరు ఉంటాడు. ఆయన అరుస్తాడు, వీళ్ళు ఏడుస్తారు, పరిగెడతారు, మళ్ళీ కాంటా. "లారీ బరువెక్కువుందని లారీని ఎవరైనా తిడతారేటి?" అనేది పెద్దమ్మ. ఇంగ్లండు వాళ్ళు అరవరు. మర్యాదగా ఇంటికొచ్చి, వారం రోజుల తిండి అంతా ఒక బల్ల మీద పరిచి, ఇంటావిణ్ణి పక్కన నిలబెట్టి చూపిస్తారు. దానికి పెద్దమ్మకి భలే కోపం. "సూడు, సూడు! చెప్పుల్తో వంటింట్లోకి వచ్చేశారు. పైగా సారీ అంటన్నారు!"

కొరియా వాళ్ళది చూసినప్పుడైతే ఇద్దరం లేచి నిలబడ్డాం. అందులో లావని ఏడుస్తున్న అమ్మాయి నాలో సగం కూడా లేదు.

"ఇది లావా? కళ్ళజోడు తే పిల్లా, నాకు సరిగ్గా కనబడట్లేదు."

"మెడలోనే ఉంది పెద్దమ్మా."

పెట్టుకుని చూసింది. "పెట్టుకున్నా లావు కనబడట్లేదు!"

చివర్లో ఆ అమ్మాయిని తెర వెనక నుంచి తీసుకొచ్చారు. కన్నతల్లి గుర్తుపట్టలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ మాత్రం కొట్టలేదు. "తల్లి గుర్తుపట్టకపోతే సంతోషమేటే?" అంది మెల్లగా.

ఇక మన దేశంవి. మనవాళ్ళు ఏడిపించరు, నవ్విస్తారు. లావాటి మనిషి స్టేజి ఎక్కగానే ధమ్ ధమ్ అని డప్పు, కెమెరా ఊగుతుంది, జడ్జీలు కుర్చీలు పట్టుకుంటారు. ఆ లావు మనిషే అందరికన్నా ముందు నవ్వాలి. నాకు అమెరికా అరుపుల కన్నా అదే ఎక్కువ గుచ్చుకునేది. ఆటోలో నేనూ అలాగే నవ్వాను కాబట్టి.

మేమిద్దరం ఒక ఆట కనిపెట్టాం. ఒకరు వంటింట్లో నిలబడాలి, ఇంకొకరు టీవీ పెట్టాలి. సంగీతం విని దేశం పేరు చెప్పాలి. గుండె చప్పుడైతే అమెరికా, ఒక్కో మీట నొక్కే పియానో అయితే ఇంగ్లండు, వయొలిన్ ఏడిస్తే కొరియా, డప్పైతే మనది. నేను అన్నీ చెప్పేసేదాన్ని! ఇంటి నుంచి అడుగు బయటపెట్టని దాన్ని, టీ కాస్తూ నాలుగు దేశాలు గుర్తుపట్టేదాన్ని. పెద్దమ్మ ఓడిపోయి, "ఈసారి అరబ్బు దేశం పెడతాను, సూద్దాం నీ తెలివి" అని బెదిరించేది. హిందీ మాటలు చెప్పే ఆవిడ మాత్రం అన్ని దేశాలకీ ఒక్కతే. అదే బొంగురు గొంతు. "ఈ గొంతావిడ ఎన్ని దేశాల ఏడుపు ఏడ్చిందో పాపం, నీళ్ళైనా ఇచ్చారో లేదో" అనేది పెద్దమ్మ.

ఎన్ని దేశాలు తిరిగినా ఒకటి మాత్రం మారలేదని ఆవిడే నాకు చూపించింది. కార్యక్రమం మొదట్లో వీధిలో నడిచే లావు మనుషుల్ని చూపిస్తారు కదా, మెడ కింద నుంచే చూపిస్తారు. పొట్ట, నడుము, కాళ్ళు. తల ఉండదు. "అన్ని దేశాలదీ ఒకే బుద్ధి. ముందు పొట్ట, తరవాతే ముఖం." ఒకసారి ఇంగ్లండు బస్సు డ్రైవరు ఒకాయన డాక్టరు రాకముందు తన పావురాల గురించి చెప్పాడు. అర నిమిషం కూడా ఉండదు. పెద్దమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. "అదుగో, ఇక్కడ మనిషి కనబడ్డాడు! వెనక్కి తిప్పు!" ఆ పావురాల ముక్క మూడుసార్లు చూశాం. మిగతాది చూడలేదు.

ఈ సంబరంలో నేనొక సంగతి దాచాను. నాకు నెల తప్పింది. ఆశా కార్యకర్త కార్డు రాసిచ్చి, మూడో నెలలో ఆసుపత్రికి రమ్మంది. అక్కడ హాల్లో అందరి మధ్యా తూకం మిషను ఉంటుందనీ, అటెండరు అంకె గట్టిగా అరుస్తుందనీ విన్నాను. వెళ్ళలేదు. వెళ్ళొచ్చానని మా ఆయనకి అబద్ధం చెప్పాను. బిడ్డకి ఏమైనా అవుతుందేమోనని భయం, అయినా కాళ్ళు కదిలేవి కావు.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ ఆ కార్డు చూసింది. బరువు గడి ఖాళీగా ఉంది.

"ఇదేటి?"

నేను తల దించుకున్నాను. "ఆ గుండె చప్పుడు వినబడతాది పెద్దమ్మా. ఎక్కలేను."

తిట్టలేదు. "ఆదివారం నాతో రా" అంది, అంతే.

ఆదివారం ఎండ బాగా ఎక్కాక పెదనాన్న, పెద్దమ్మ, నేను ఆవిడ కాంటాకి వెళ్ళాం. పెదనాన్న గదిలో కూర్చున్నారు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆ ఇనుప వేదిక మీదికి నడిపించింది. చెప్పుల్లోంచి వేడి తెలుస్తోంది. ఎంత పెద్దదో! నేను దాని మధ్యలో నిలబడితే చీమలా ఉన్నాననిపించింది. పుట్టి బుద్ధెరిగాక నన్ను చిన్నగా చూపించింది అదొక్కటే.

"ఎంతండీ?" అని అరిచింది పెద్దమ్మ.

"నూట తొంభై!" కిటికీలోంచి పెదనాన్న.

"ఇందులో నాదెంత, మీదెంత?" అని అడిగాను.

"దానికి తెల్దు. పదేసి కిలోలు తప్ప చిన్నవి దాని కంటికి ఆనవు. మనల్ని ఎవరు లెక్క పెట్టారిక్కడ!" అని నవ్వి, నా చెయ్యి ఊపింది. "గెంతు."

"అమ్మో, ఎవరైనా చూస్తే?"

"మెల్లగానే గెంతు. లోపల పసిగుడ్డుంది."

కాస్త మడమలెత్తి దించాను. "మారింది, మారింది!" అని పెదనాన్న చిన్నపిల్లాడిలా అరిచారు. అంతలో వెనక ఒక కడ్డీల లారీ వచ్చి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, ఏం సరుకని అడిగాడు.

"మాసీ, క్యా లోడ్ హై?"

"కీమతీ మాల్ హై! హార్న్ మత్ బజా!"

విలువైన సరుకట, హారన్ కొట్టకూడదట! నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ నవ్వు ఆటోలో నవ్విన నవ్వు కాదు.

పక్కకి దిగి, ఆ లారీని చూపిస్తూ చెప్పింది. "సూడు పిల్లా. ఈ బండిని సరుకుతో తూస్తాం. ఖాళీ చేసి మళ్ళీ తూస్తాం. రెండూ ఉంటేనే సరుకెంతో తెలుస్తాది. నీలో బండేదో సరుకేదో నెలనెలా ఎక్కితేనే తెలుస్తాది. మొదటి తూకం లేకపోతే లోపలి గుంట పెరిగిందో లేదో ఎవరు చెప్తారు? ఆ అంకె నిన్ను తిట్టడానికి కాదే. లోపలున్న దాని కోసం."

మర్నాడే ఆసుపత్రికి వెళ్ళాం. పొడుగు వరస. ముల్లు తిరిగే పాత మిషను. అటెండరు దీదీ తల ఎత్తకుండా, "జల్దీ చఢో" అని అందర్నీ త్వరగా ఎక్కమంటోంది. నా వంతు వచ్చేసరికి తలెత్తి, మిషను విరిగిపోతుందేమో అంది. వరస నవ్వింది. నా మూతి మీదికి ఆ పాత నవ్వు రాబోయింది. పెద్దమ్మ ముందుకొచ్చి, మిషనుకి అడ్డంగా నిలబడింది. కోపం లేదు, కిటికీ దగ్గర కూర్చున్న గొంతే అది.

"బేటీ, పహలే నామ్ లిఖో, ముందు పేరు రాయి. మేం గాడీకి కూడా ముందు నంబరు రాసి, డ్రైవరు పేరు అడుగుతాం. బరువు తరవాత."

నవ్వు ఆగిపోయింది. దీదీ కార్డు తీసి, నా ముఖం చూసి, పేరు అడిగింది. చెప్పాను. ఎక్కాను. అంకె రాసి, మెల్లగా నాకు మాత్రమే చెప్పింది. వచ్చేటప్పుడు ఆటోలో బయటి వైపు నేనే కూర్చున్నాను. పెద్దమ్మా నేనూ కలిసి ఒక సీటంతా నింపేశాం, హాయిగా.

అలా రెండు నెలలు నాతో వచ్చింది. ఆ తరవాత ఆ మంగళవారం.

సమాధుల తోటకి తీసుకెళ్ళే ముందు పెట్టె చుట్టూ మగవాళ్ళు చేరారు. ఎవరో, "క్రేను తెప్పిద్దామా" అన్నారు. ఒకరిద్దరు నవ్వు దాచుకున్నారు. నా చెవుల్లో ధమ్ ధమ్ అని మన దేశం డప్పు మోగింది. పెదనాన్న పెట్టె తల వైపు చెయ్యి వేసి, చాలా నెమ్మదిగా అన్నారు. "ముందు ఓసారి ముఖం సూడండి బాబూ. తరవాత ఎత్తుదురు గాని." ఒక్కొక్కరే వచ్చి చూశారు. క్రేను అన్నవాడు అందరికన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు. ఆవిడ ఎడమ బుగ్గ మీద సొట్ట లేదు. అదొక్కటే నాకు తేడా కనిపించింది. ఎనిమిది మంది ఎత్తారు.

పోయిన వారం ఏడో నెల చూపించుకోవాల్సి వచ్చింది. మా ఆయనకి డ్యూటీ. పెదనాన్న తోడొస్తానన్నారు. వద్దన్నాను. ఒక్కదాన్నే ఆటో ఎక్కాను. గుండె దడదడలాడింది, భయానికి సగం, ఎంత పెరిగిందో చూడాలన్న ఆత్రానికి సగం. దీదీ నన్ను గుర్తుపట్టి, "ఆంటీ ఎక్కడ?" అంది. చెప్పాను. తరవాత నా పేరు తనే పలికి, మిషను వైపు చూపించింది.

చెప్పులు విప్పి ఎక్కాను. ముల్లు పైకి తిరిగింది, ఆగబోయింది, మళ్ళీ వణికింది. దీదీ కార్డు మీద కలం పెట్టి కాచుకుంది. ముల్లు నిలవట్లేదు.

"హిలో మత్," అంది. కదలకు అని.

నా వెనక వరసంతా తొంగి చూస్తోంది. నేను ఊపిరి బిగపట్టాను. లోపల మళ్ళీ ఒక తన్ను, ముల్లు మళ్ళీ ఊగింది.

"నేను కాదు దీదీ," అన్నాను హాలంతా వినబడేలా, "కదిలేది నేను కాదు!"