ఎడమ పక్కకు తాకించిన మిరపకాయలు

దయ్యం పట్టిందన్నవాణ్ణి నడిబజారులో నిలబెట్టి ప్రశ్నలతో ఏడిపించడం వయసులో ఉండగా నా సరదా. బడికి వెళ్ళింది తక్కువ, పంచాయతీ లైబ్రరీలో కూర్చుని నాకు నేనే చదువుకున్నాను. చర్చి పాస్టరుకీ, ఊరి భూతవైద్యుడికీ ఇద్దరికీ నేనంటే పడేది కాదు. ఈ ముసలితనంలోనూ నా అభిప్రాయాలు మారలేదు. నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది మాత్రం రాస్తాను.

ఎనభైల నాటి మాట. నా తమ్ముడు ఏసుదాసు గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు. పాతికేళ్ళు నిండలేదు. ఆ ఎండాకాలం వాడికి మూత్రం ఎర్రగా రావడం మొదలైంది. మిరపకాయల మధ్య బతికేవాళ్ళకు దానికి ఒకటే అర్థం: వేడి చేసింది. కాయల ఘాటు ఒంట్లోకి దిగిందని యార్డంతా అంది. మజ్జిగ తాగించాం, సబ్జా గింజలు నానబెట్టి పోశాం. నడుమంతా నొప్పి అంటే బస్తాల నొప్పి అనుకున్నాం.

తగ్గకపోతే బ్రాడీపేటలో ఒక డాక్టరుకు చూపించాం. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. అయినా చిన్న రాయి ఉంటుంది, అదే పడిపోతుందని మాత్రలు రాశాడు. మావాణ్ణి బల్ల మీద పడుకోమనలేదు. పొట్ట మీద చెయ్యి వేసి చూడలేదు.

తమ్ముడు చిక్కిపోతున్నాడు. ఒకరోజు పొద్దున్నే మా అమ్మ వాణ్ణి వాకిట్లో కూర్చోబెట్టి, ఉప్పు, ఎండుమిరపకాయలు తలచుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. మా వైపు ఇది అందరికీ తెలిసిందే. దిష్టి లేకపోతే ఆ ఘాటుకి ఇల్లంతా దగ్గుతుంది. దిష్టి ఉంటే కాయలు కాలినా ఘాటు రాదంటారు. పాస్టరు గారు వద్దన్నా మా అమ్మ మానలేదు.

కాయలు నల్లగా మాడాయి. పొగ లేచింది. ఎవరికీ దగ్గు రాలేదు.

నాకు ఒళ్ళు మండింది. "పాత కాయలమ్మా, పస చచ్చిపోయుంటుంది" అని అదే బుట్టలోంచి గుప్పెడు తీసి అదే నిప్పుల్లో వేశాను. అమ్మా నేనూ దగ్గుతో గుక్క తిప్పుకోలేకపోయాం. పక్కింటి కోటమ్మత్త గోడ అవతల నుంచి అరిచింది: "ఒరేయ్, ఎవడ్రా అది! పొద్దున్నే ఊరిని చంపుతున్నారేంట్రా!"

తమ్ముడు దగ్గుతూనే నవ్వాడు. "నీ కాయలకి నీలాగే నోరెక్కువ అన్నా. నావి మెతకవి."

నా పంతం నాది. ఈసారి తల చుట్టూ తిప్పకుండా, కొన్ని కాయలు వాడి నడుముకు కుడి పక్కన తాకించి వేశాను. దగ్గొచ్చింది. కొన్ని ఎడమ పక్కన తాకించి వేశాను. రాలేదు. మళ్ళీ చేసినా అంతే. గాలి లేదు. కాయలు ఒకే బుట్టలోవి. నిప్పు ఒకటే.

మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మిరపకాయల సంగతి ఎత్తలేదు. ఎడమ పక్క ఒకసారి చూడండి సార్ అని మాత్రం అన్నాను.

"డాక్టరు నువ్వా, నేనా? బస్తాలు మోసేవాడికి నడుం నొప్పి రాక ఇంకేం వస్తుందయ్యా?" అన్నాడు. అవే మాత్రలు మళ్ళీ రాశాడు.

వానలు పడేదాకా ఆ మాత్రలే మింగించాం. చివరికి పెద్దాసుపత్రికి తీసుకెళితే, అక్కడి డాక్టరమ్మ వాణ్ణి పడుకోబెట్టి డొక్కలో చెయ్యి పెట్టగానే ఆవిడ ముఖం మారిపోయింది. ఎడమ పక్కన గడ్డ. రంగుమందు ఎక్కించి ఎక్స్‌రేలు తీశారు. ఎడమ కిడ్నీ సగానికి పైగా గడ్డే. ఆపరేషన్ చేసి కిడ్నీ తీసేశారు. ముక్క పరీక్షకు పంపితే క్యాన్సరని, అందులోనూ ఎక్కడో గాని కనబడని మొండి రకమని చెప్పారు. కనబడినంత వరకూ తీసేశాం, ధైర్యంగా ఉండండి అన్నారు.

ఇంటికి వచ్చాక అమ్మ మళ్ళీ పొయ్యి ముందు కూర్చుంది. ఈసారి నేను ఆపలేదు. కుట్ల పక్కన తాకించిన కాయలు నిప్పులో పడగానే అందరం దగ్గాం. అంత సంతోషంగా దగ్గడం నా జన్మలో లేదు. తమ్ముడు కుట్లు పట్టుకుని, "చాలమ్మా, ఊడిపోయేట్టున్నాయి" అన్నాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, ఎందుకు తోచిందో, ఇంకొన్ని కాయలు వాడి రొమ్ముకు తాకించి వేసింది.

దగ్గు ఆగిపోయింది. కాయలు కాలుతూనే ఉన్నాయి.

తమ్ముడు అడిగాడు: "ఇదేంటన్నా?"

తడి కాయలురా అన్నాను. వాడు నా ముఖంలోకి చూశాడు.

కొద్ది రోజులకే వాడికి ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తులకు పాకిందన్నారు. సూదిమందులకు జుట్టు ఊడింది గాని జబ్బు లొంగలేదు. కొత్త పంట కల్లాలకు రాకముందే పోయాడు.

తర్వాత తడి కాయలు కాల్చాను, తెల్లబారిన తాలు కాయలు కాల్చాను, ఏళ్ళ తరబడి నిలవున్నవీ కాల్చాను. అన్నీ దగ్గించాయి. సైన్సు మాస్టర్లను అడిగితే గాలి వాటం అన్నారు, భ్రమ అన్నారు. కోటమ్మత్త కూడా భ్రమలోనే అరిచిందా?

ఆ డాక్టరు ఎందుకు చూడలేదో నాకు తెలుసు. మా ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి ఆయనకు మనసొప్పలేదు, అంతే. ఆ కాయలు ఎందుకలా కాలాయో మాత్రం ఈ రోజుకీ తెలియదు. దేవుడు చెప్పాడంది అమ్మ. చనిపోయిన మా నాన్న చెప్పాడంది కోటమ్మత్త. ఎవరైనా కానీండి. అంత ముందుగా తెలిసినవాళ్ళు మాలాంటి దిక్కులేనివాళ్ళకు చెప్పే బదులు, ఆ డాక్టరు చెయ్యి పట్టుకుని మావాడి డొక్క మీద పెట్టించలేకపోయారా?